బజారువాళ్లిచ్చిన గది

"గది నిండిపోతుందేమోనే కెజియా. నిండితే గోడ పగులుతుంది. గోడ పగిలితే పక్కింటివాళ్ల గేదె మీద పడుతుంది. వాళ్లసలే మంచివాళ్లు కారు," అంటాను. పొయ్యి మీద టీ ఇంకా పొంగలేదు.

మా అమ్మాయి లేసు అల్లుతూ తలెత్తదు. "ఏ గదమ్మా?"

"ఇంకా రాలేదు. వస్తే ఏమవుతుందో చెబుతున్నాను."

టీ పొంగుతుంది. గది వస్తుంది.

వంటింటి వెనక గోడకి నిన్నటిదాకా జల్లెడ తగిలించే మేకు ఉండేది. ఇప్పుడక్కడ తలుపు ఉంది. మేకు మర్యాదగా పక్కకి జరిగి, జల్లెడతో సహా చోటిచ్చింది. తలుపు మీద పలక: 'అమ్మకందారు కెజియా గారి ఫైళ్ల గది.'

కెజియా లేసు అమ్మదు. లేసు డిజైన్లు అమ్ముతుంది. ఎన్ని గొలుసులు వెయ్యాలి, రేకు ఎక్కడ తిప్పాలి అన్నది బొమ్మ గీసి, ఫైలు చేసి, ఫోన్లో ఉన్న బజారులో పెడుతుంది. కొనుక్కున్నవాళ్లు ఏ దేశంలోనో కూర్చుని వాళ్లే అల్లుకుంటారు. బొమ్మ వాళ్లకి వెళుతుంది, మన దగ్గరా ఉంటుంది. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని, ఇది నా బుర్రకెక్కడానికి రెండేళ్లు పట్టింది. ఆ ఫైళ్లు దాచుకోవడానికి బజారువాళ్లు ఒక్కో అమ్మకందారుకి ఇంత చోటని ఇస్తారు. ఇన్నాళ్లూ ఆ చోటు ఫోన్లో ఒక గీతలా ఉండి, నిండేకొద్దీ ఎర్రబడేది. ఇవాళ ఇంటికే వచ్చింది.

తలుపు తీస్తే లోపలినుంచి ఒకావిడ బయటికొస్తుంది. ఇస్త్రీ చీర, మెళ్లో దర్జీ టేపు.

"హైమవతినండి. బజారు కొలతల విభాగం. మీకిచ్చింది వెయ్యి గజాలండి. తొమ్మిది వందల తొంభై తొమ్మిదిన్నర వాడేశారు."

"నే చెప్పలేదూ," అంటాను కెజియాతో.

"తొంభై రోజులై కొట్లో కొత్త డిజైను పెట్టలేదండి మీరు."

"చోటు లేకండి," అంటుంది కెజియా.

"ఆయ్, తెలుసండి. ఇవాళ తొంభయ్యో రోజు. పొద్దు వాలేలోపు పెట్టకపోతే కొట్టు మూతపడిపోద్దండి."

"ఎవరు మూస్తారండి?" అంటాను.

"ఎవరూ మూయరండి. దానికదే సిగ్గుపడి మూసుకుంటుంది."

కెజియా చేతిలో సూది ఆగుతుంది. దాని ఒళ్లో పెద్ద పువ్వు ఉంది. ఇరవై రెండు రేకులు ఉండాలి, ఇరవై ఒకటి అయ్యాయి. మూడు నెలలుగా అల్లుతూ, విప్పుతూ, లెక్క రాసుకుంటోంది. లేసు పట్టుకెళ్లే ఏజెంటు చెప్పింది తలొంచుకుని అల్లడం మా అమ్మతో మొదలై నాతో ఆగిపోవాలని దాని పంతం. కొట్టు మూతపడితే అదీ రేపు నా పక్కన, ఏజెంటు గుమ్మం ముందు కూర్చోవాలి.

హైమవతి గారు పువ్వు కొలుస్తారు. "తొమ్మిది వందల నలభై గజాలు పడుతుందండి."

"ఇంత పువ్వుకా?"

"అల్లినన్నాళ్లనీ కలిపి కొలుస్తామండి."

మేము లోపలికి వెళతాం. కెజియా డిజైన్లు నలభై ఒకటీ ఒక అరలో, గంజి పెట్టి ఆరేసినట్టు, బుద్ధిగా కూర్చున్నాయి. అరవై గజాలే. మిగతా గదంతా, నేల నుంచి కప్పుదాకా, తెల్లటి మూటలు.

"అవి అమ్మగారివండి," అంటారు హైమవతి గారు. ఒకదాన్ని విప్పి చూపిస్తారు. సన్నటి లేసు, నా అల్లికే. అందులోంచి నా గొంతు వినిపిస్తుంది: 'ఆ బస్సుకి బ్రేకులున్నాయో లేదో.'

కెజియా రెండో తరగతిలో ఉండగా అన్న మాట అది. ఇంకోటి విప్పుతారు. 'ఈ వానకి కాలవ పొంగదూ.' ఇంకోటి. 'అది మామూలు దగ్గు కాదు.'

"ఇవన్నీ దీని గదిలోకి ఎలా వచ్చాయండి?"

"పిల్ల గురించి అన్నవి పిల్ల ఖాతాలోకే చేరతాయండి. కానీ సలోమమ్మ గారూ, ఒక్కోటీ రెండేసి ఉన్నాయేంటండి?"

"మచ్చు," అంటాను.

ఆవిడకి ఆ మాట తెలియదు. చెప్పక తప్పదు. మా లేసు ఆడవాళ్లం ఏజెంటుకి ముక్క ఇచ్చేముందు, అలాంటిదే ఇంకోటి అల్లి ట్రంకు పెట్టెలో దాచుకుంటాం. దాన్ని మచ్చు అంటాం. మరుసటేడు వచ్చి మళ్లీ అదే కావాలంటే లెక్క మర్చిపోకూడదు కదా. భయమూ అంతే. ఒకసారి పడి వదిలేస్తే, అవసరానికి చేతికి రాదు.

"అమ్మా," అంటుంది కెజియా. నవ్వు ఆపుకోలేక అరని పట్టుకుని కింద కూర్చుంటుంది. "నా కొట్టునిండా నీ దగ్గులేనా."

తీసెయ్యడం తేలిక. లేసుకి చివరి ముడి వదిలించి దారం లాగితే, ఎంత పెద్ద అల్లికైనా సరసరా ఊడిపోతుంది. కానీ నా చెయ్యి రాదు.

"లాగితే అది జరిగితే?"

"ఇన్నేళ్లలో ఏదైనా జరిగిందాండి?"

"జరగలేదు. నేను భయపడ్డాను కాబట్టి."

హైమవతి గారు ఆలోచిస్తారు. చిన్న పుస్తకంలో రాసుకుంటారు. "మీరన్నదీ నిజమేనండి. ముందు ఒక మచ్చు లాగి చూడండి."

బస్సుది లాగుతాను. దారం ఊడి చేతిలోకొస్తుంది. వెంటనే వీధిలో బస్సు వస్తున్న చప్పుడు. నేను కెజియా జబ్బ పట్టుకుంటాను. బస్సు సరిగ్గా మా గుమ్మం ముందు, దుమ్ము కూడా లేవకుండా ఆగుతుంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "బ్రేకులు బాగున్నాయండి," అని చెప్పి వెళ్లిపోతాడు.

కాలవది లాగుతాను. కాలవ మెట్టుదాకా వస్తుంది, గుమ్మం దగ్గర గోనెపట్టా మీద కాళ్లు తుడుచుకుంటుంది, లోపలికి ఒకసారి తొంగి చూసి, "అంతా బాగేనా" అన్నట్టు తల ఊపి వెనక్కి తిరుగుతుంది. దగ్గుది లాగితే దగ్గు వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంటుంది. మిరియాల పాలు ఇస్తాను. తాగి, గ్లాసు కడిగి బోర్లించి పోతుంది. ఇంత మంచి దగ్గుని నేను ఇన్నాళ్లూ అనుమానించాను.

ఇక చెయ్యి ఆగదు. పరీక్షలో పెన్ను ఆగిపోతే. స్టవ్వు కట్టెయ్యకుండా వెళితే. పెళ్లివాళ్లింట్లో చేప ముల్లు గుచ్చుకుంటే. నేను లాగుతాను, కెజియా ఉండలు చుడుతుంది, హైమవతి గారు చీర కొంగు దోపుకుని ఉండలు అందుకుంటారు. వరండా నిండా దారపు ఉండలు. పక్కింటి గేదె గోడమీంచి మెడ సాచి, క్షేమంగా, నములుతూ చూస్తోంది. ఖాళీ అయ్యేకొద్దీ గది పొడుగవుతుంది. ఎదుటి గోడ జామచెట్టు దాటుతుంది, కాలవ దాటుతుంది, కొబ్బరితోటలు దాటి సముద్రం దగ్గర ఆగుతుంది. అక్కడినుంచి ఉప్పుగాలి వస్తుంది. నా ఒళ్లు ఎంత తేలికగా ఉందంటే, నడుస్తుంటే మడమలు నేలకి ఆనడం లేదు.

పొద్దు బెత్తెడుంది. ఒక్క మూట మిగిలింది. అన్నిటికన్నా పెద్దది, పసుపుబారిపోయింది.

"దీనికి మచ్చు లేదండి," అంటారు హైమవతి గారు.

"ఇది ఉండనివ్వండి."

"ఇదుంటే పువ్వు పట్టదండి."

"ఏముందమ్మా అందులో?" అంటుంది కెజియా. నేను మూటకి అడ్డంగా నిలబడతాను. "అమ్మా, పొద్దు పోతోంది."

"నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదు," అంటాను. "ఎందుకని నర్సమ్మని అడిగాను. ఆవిడ మాట్లాడకుండా నిన్ను పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. నాకు మత్తు కమ్మింది. లేచేసరికి నువ్వు నా పక్కన నిద్రపోతున్నావు."

"అయితే ఏడ్చే ఉంటాను కదా."

"ఏడ్చే ఉంటావు. నేను వినలేదు."

"ఇరవై రెండేళ్లుగా ఎన్నిసార్లు విన్లేదు నా ఏడుపు. జడ వేస్తే ఏడుపు, తలంటితే ఏడుపు."

"అవి వేరే ఏడుపులే."

 కెజియా ఆ మూట ముడి నా వేళ్ల మధ్య పెడుతుంది. పువ్వుకి ఇంకా ఒక రేకు కావాలి.

లాగుతాను. నా గొంతే, కానీ చిన్నపిల్ల గొంతులా ఉంది: 'పిల్ల ఏడవట్లేదేంటమ్మా?'

ఆ తర్వాత లేసు అంతా నిశ్శబ్దమే. గజం తర్వాత గజం ఊడి వస్తుంది. హైమవతి గారు కొలుస్తూ పోతారు, టేపు చాలక కొంగు ముడేస్తారు. వీధిలోకి తిరిగొచ్చిన బస్సు ఇంజను ఆపుకుంది. గేదె నమలడం మానేసింది. పొద్దు కొబ్బరిమట్టల అంచున కాలు మోపి, అక్కడే ఆగింది.

కెజియా ఆ దారంతోనే ఇరవై రెండో రేకు అల్లుతుంది. దారం తుంచి ముడేసి, పువ్వు భుజాన వేసుకుని, గది ఆ చివరికి నడుస్తుంది. దూరం వెళ్లేకొద్దీ చిన్నదవుతుంది. జామచెట్టు దగ్గర బడికెళ్లే పిల్లంత ఉంది. కాలవ దగ్గర పాకే పిల్లంత. సముద్రం దగ్గర పువ్వు పరుస్తుంది. ఇరవై రెండు రేకులూ గోడకీ గోడకీ ఆనుకుని, వెంట్రుక సందు లేకుండా సరిపోతాయి. అలలు వచ్చి చివరి రేకు అంచు పట్టుకుంటాయి. దాని మధ్యలో మా కెజియా వెల్లకిలా పడుకుంటుంది, ఇక్కడినుంచి చూస్తే మూరెడు ఉంటుంది.

"కెజియా," అంటాను. అరవను.

ఏమీ వినిపించదు. హైమవతి గారు నా చెయ్యి పట్టుకుంటారు. 

అప్పుడు, ఆ చివర్నించి, పువ్వు నడుమ నుంచి, పిల్ల కేర్‌మంటుంది.