జంగయ్య సాక్ష్యం

పటాన్‌చెరు శాఖా గ్రంథాలయం ఉదయం ఎనిమిదింటికి తెరిచేవారు. తొమ్మిదిలోపు రాకపోతే పేపరు సగమే మిగిలేది. అబద్ధం అచ్చైన చోటల్లా ఆ గదిలో సిరా మెల్లగా వెలిసి మాయమైపోయేది మరి. ఎన్నికల రోజుల్లో మధ్యాహ్నానికే తెల్లబడిన పేపర్లతో లైబ్రేరియన్ ఇందిరమ్మ పుస్తకాలకు అట్టలు వేసేది. కథల పుస్తకాలకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. “రాజు ఉన్నడో లేడో గని, రాజు ఏడ్సింది నిజమే కద సార్” అనేది.

కిటికీ పక్క బల్ల భీమశంకరానిది. ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి ఏలూరు నుంచి వచ్చి స్థిరపడినవాడు అతని తండ్రి. భీమశంకరం సంగారెడ్డి కోర్టులో ఇరవై రెండేళ్లు వకీలుగా చేసి, తొంభై నాలుగులో నల్లకోటు విడిచాడు. గెలిచినవాళ్ల మాట ఎలాగూ తీర్పులో ఉంటుంది, ఓడినవాళ్ల మాట ఒక పుస్తకంలోనైనా ఉండాలని తన కేసులే రాయడం మొదలుపెట్టాడు.

సత్తెమ్మ కేసు దగ్గర కలం ఆగింది. ఆమె భర్త పెంటయ్య పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ట్యాంకు కడగడానికి దిగి, విషవాయువు పట్టి చనిపోయాడు. తాగి దిగాడని కంపెనీ వాదించింది. కాదని చెప్పగలిగినవాడు అదే షిఫ్టులో ఉన్న తమ్ముడు జంగయ్య ఒక్కడే. కేసు కొట్టేశారు. ‘నేను సిద్ధంగానే ఉన్నాను. సాక్షి రాలేదు’ అని రాశాడు భీమశంకరం.

మర్నాటికి ఆ రెండు వాక్యాలు లేవు. పెన్సిలుతో రాశాడు, పోయాయి. పేర్లు మార్చి కథలా రాశాడు. కొత్త పేరు మిగిలింది, వాక్యం పోయింది. ఇందిరమ్మ ఖాళీ పేజీ చూసి, ఫ్యాను కాస్త తగ్గించి వెళ్లింది.

నాలుగో రోజు చాలాసేపు కూర్చుని రాశాడు: ‘జంగయ్య పొద్దున్నే వచ్చాడు. నేనే కాగితాలు చూసుకోలేదు. ఇవాళ నీ పని లేదని అతన్ని పంపేసి, సాక్షి రాలేదని చెప్పి వాయిదా అడిగాను. జడ్జిగారు ఇవ్వలేదు. చెప్పిన అబద్ధం వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు.’

ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి.

సత్తెమ్మ వాకిట్లో చాటలో కందిపప్పు ఏరుతోంది. భీమశంకరం నిలబడే చదివి వినిపించాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“జంగయ్య వచ్చిండా?”

“వచ్చాడమ్మా.”

“‘నేను వచ్చిన వదినా’ అని గీ గడప కాడ్నే ఏడ్సిండు వకీల్ సాబ్. అన్న పానం కంపెనోళ్లకు అమ్ముకున్నవని మొకం మీదనే తలుపేసిన. ఊరంత గట్లనే అన్నది. ఊరిడిసి పోయిండు.”

తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె చాట లోపల పెట్టి, చెప్పులు వేసుకుంది.

“నడువుండ్రి. బొల్లారంల ఉంటడట. మీరే సదివి ఇనిపియ్యాలె.”

ఇద్దరూ షేర్ ఆటోలో బొల్లారం వెళ్లారు. అక్కడ ఒక ఫ్యాక్టరీ గేటు బయట, షిఫ్టు దిగి కంపెనీ బస్సు కోసం నిలబడ్డాడు జంగయ్య. నలభై దాటకుండానే తల నెరిసింది. వదినను చూసి, అలవాటుగా రెండడుగులు వెనక్కి వేశాడు.

భీమశంకరం చదివాడు. రోడ్డు మీద లారీలు పోతుంటే రెండుసార్లు ఆపి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

“తప్పయింది జంగయ్యా,” అంది సత్తెమ్మ. “ఇంటికి రా.”

జంగయ్య ఆమెను ఒకసారి చూసి, భీమశంకరం వైపు తిరిగాడు. “ఆ దినం నేను చెప్పనీకి వచ్చిన మాట ఎవ్వలడగలేదు సార్. ఇంకా నా తాననే ఉన్నది. ఇప్పుడు ఏడ చెప్పాలె?”

అప్పీలు గడువు ఎప్పుడో దాటింది. ఆ మాట అనలేదు భీమశంకరం. అక్కడే కల్వర్టు గోడ మీద కూర్చుని నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకున్నాడు.

“ఇక్కడ చెప్పు. ఈసారి సిద్ధంగా ఉన్నాను.”

కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టింది. జంగయ్య చెయ్యి ఊపి దాన్ని పొమ్మన్నాడు. వదిన పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు.

“మా అన్న పేరు పెంటయ్య,” అని మొదలుపెట్టాడు. “ఆ దినం ఆయన చాయ తప్ప ఏం తాగలే.”