కె అంటే కేసరపల్లి

ఆటోనగర్‌లో నా గేర్‌బాక్సుల దుకాణానికి వచ్చే లారీ ఓనర్లలో ఒక రకం ఉంటారు. పాత పార్టు చేతికిస్తే దాని మీద నంబరు చూడరు. "ఇది మా బండిదేనండీ, నేను గుర్తుపట్టనా?" అని దేవుడి మీద ఒట్టేస్తారు. నంబరు చూపిస్తే నా మీద అలుగుతారు. వీళ్ళతో పోట్లాడి పోట్లాడి నా నోరు పెద్దదైపోయిందని మా నాన్న అంటాడు. అంతకుముందు కూడా అది చిన్నదేం కాదు.

ఆ రోజు వచ్చిన జయంత్ లారీల మనిషి కాదు. నలగని చొక్కా, నెమ్మదైన మాట. పాత ఇంగ్లీషు జేబు గడియారాలు సేకరించే శాలిని గారు మీరేనా అని అడిగి, కర్చీఫులో చుట్టి తెచ్చిన గడియారాన్ని కౌంటరు మీద పెట్టాడు.

"మా ముత్తాతదండీ. భవానీపురంలో మా కొత్త కల్యాణ మండపం ఓపెనింగ్ ఈ ఆదివారమే. దీన్ని హాల్లో అద్దాల పెట్టెలో పెడుతున్నాం. ఎప్పటిదో మీరు చూసి చెప్తే కార్డు మీద రాయిస్తాం."

చేతులకున్న గ్రీజు తుడుచుకుని తీసుకున్నాను. వెండి గడియారం, తాళంచెవి లాంటి కీ పెట్టి తిప్పే రకం. గోటితో వెనక మూత తీశాను. లోపల వెండి మీద వరసగా గుద్దిన చిన్న చిన్న ముద్రలున్నాయి. నడుస్తున్న సింహం, చిరుతపులి తల, బుల్లి డాలులో ఇంగ్లీషు అక్షరం కె.

"అదేనండీ," అన్నాడు జయంత్ ముందుకు వంగి. "కె అంటే కేసరపల్లి. మా ఇంటిపేరు. మా ముత్తాత వెంకటసుబ్బారావు గారు లండన్‌లో ఆర్డరిచ్చి మరీ చెక్కించుకున్నారంట."

అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మాట నాకు కొత్త కాదు, దీన్ని వింటూనే పెరిగాను. గడియారాన్ని మాత్రం అప్పుడే మొదటిసారి చూడటం.

మా తాత ఇశ్రాయేలు బందరు కాలువ మీద ఒక తెల్లదొర పడవకి తాడు లాగేవాడు. దొర దేశం వదిలిపోతూ తన గడియారాన్ని చేతిలో పెట్టి పోయాడని తాత చెప్పేవాడు. కూలివాడి మొలలో వెండి గడియారం ఉంటే ఊరు ఊరుకుంటుందా? కేసరపల్లి వారి కళ్ళంలో జనాన్ని పోగేసి, బడిపంతులు చేత మూత తీయించారు. ఆయన లోపలి కె చదివి వినిపించాడు. కె అంటే కేసరపల్లి అన్నారు. అంతే, విచారణ అయిపోయింది. గడియారం లాక్కుని తాతను ఎడ్లబండికి కట్టి కొట్టారు. చూస్తున్న జనంలో వాళ్ళమ్మ కొంగు పట్టుకుని మా నాన్న కూడా ఉన్నాడు.

మావాళ్ళు ఊరు వదిలేసి బెజవాడ వచ్చి వన్ టౌన్‌లో మూటలు మోసుకుని బతికారు. మాట మాత్రం వాళ్ళ వెనకాలే వచ్చింది. సంబంధానికి వెళ్ళినా, చర్చిలో సంఘపెద్దగా నిలబడదామన్నా, "ఏ ఇశ్రాయేలు? గడియారం దొంగ ఇశ్రాయేలా?" అనేవాళ్ళు. నిప్పు లేనిదే పొగ రాదని మా చుట్టాల్లోనే సగంమంది నమ్మారు. తాత ఆ పేరుతోనే సమాధిలోకి వెళ్ళాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపు రాదు, కోపం వస్తుంది.

నేను గడియారాల పిచ్చిలో పడింది ఆ అక్షరం సంగతి తేల్చడానికే. తేలింది కూడా. వెండి మంచిదో కాదో పరీక్షించి ముద్ర గుద్దే ఆఫీసు ఒకటి లండన్‌లో ఉంది. సింహం ఉంటే వెండి మంచిదని, చిరుత తల ఉంటే ముద్ర పడింది లండన్‌లోనని అర్థం. అక్షరం సంవత్సరానికి గుర్తు. ఏటా మారుతుంది, యు దాకా వెళ్ళి మళ్ళీ ఎ దగ్గర మొదలవుతుంది. ఐ అని పొరబడతారని జె వాడరు. అదే అక్షరం తిరిగొచ్చినప్పుడు దాని అచ్చూ డాలు ఆకారమూ మారతాయి కాబట్టి ఏ చుట్టులోదో చెప్పొచ్చు. జయంత్ తెచ్చినదాని మీది కె పద్దెనిమిది వందల ఎనభై ఐదుది. చిన్నప్పుడు తాత దగ్గర చూసిన గుర్తుతో నాన్న ఏనాడో బొగ్గుతో గచ్చు మీద గీసి చూపించిన కె కూడా సరిగ్గా ఇలాగే ఉండేది.

అందరూ డయల్ అందం చూసి గడియారం కొంటారు. నేను మాత్రం మూత తీయించి ఆ కె కనబడితేనే కొనేదాన్ని. నాకు తిక్క అనుకునేవాళ్ళు.

జయంత్‌కి అక్కడే చెప్పేయొచ్చు. కానీ ఊరందరి ముందు పడ్డ మాట దుకాణంలో గుసగుసలాడితే పోదు.

"ఎప్పటిదో ఆదివారం అందరి ముందూ నేనే చెప్తానండీ," అన్నాను. అతను సంబరపడిపోయాడు.

ఇంటికెళ్ళి చెప్తే మా నాన్న ఆమోసు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మనకెందుకే ఈ గొడవ? నాయన దేవుడి దగ్గరున్నాడు. దేవుడికి అన్నీ తెలుసు."

"దేవుడికి తెలిస్తే చాలదు నాన్నా. కేసరపల్లోళ్ళకి తెలియాలి."

"పెద్దోళ్ళు. నిన్నేమన్నా అంటే?"

"అననీ. దొంగ అన్నదానికంటే పెద్ద మాట ఏముంది వాళ్ళ దగ్గర?"

నాన్న మళ్ళీ పడుకుని గోడ వైపు తిరిగాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం తెల్లచొక్కా విప్పకుండానే ఆటో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు.

మండపం నిండా జనం. నాన్న వెనక వరసలో కూర్చుంటానన్నాడు. నేను అద్దాల పెట్టె దగ్గరికి వెళ్ళి కార్డు చదివాను. శ్రీ కేసరపల్లి వెంకటసుబ్బారావు గారు లండన్ నుంచి తెప్పించి ఇంటిపేరు చెక్కించుకున్న గడియారమట. సంవత్సరం దగ్గర ఖాళీ వదిలారు. కింద ఇంకో వాక్యం ఉంది: 'దొంగ పాలై తిరిగి దక్కినది.' దాన్ని బంగారు రంగు అక్షరాలతో రాయించారు.

జయంత్ మైకులో నన్ను పరిచయం చేసి వేదిక మీదికి పిలిచాడు. పట్టుపంచెలో ఉన్న అతని తండ్రి వెంకటప్పయ్య గారు నవ్వుతూ నమస్కారం పెట్టారు. నేనూ పెట్టి, మైకు అందుకున్నాను.

"ఈ గడియారం మీద లండన్‌లో పద్దెనిమిది వందల ఎనభై ఐదులో ముద్ర పడిందండీ," అన్నాను. చప్పట్లు కొట్టారు. అవి ఆగేదాకా ఆగాను. "ఈ కె కేసరపల్లి కాదు. కె అంటే ఆ సంవత్సరం."

ఇక చప్పట్లు లేవు. సంచీలోంచి నా గడియారాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది హైదరాబాదులో ఒక పార్శీ ముసలావిడ దగ్గర కొన్నాను. లోపల కె. ఇది మద్రాసులో కొన్నది. దీన్లోనూ కె. ఇది బందరులో పాత వెండి కొట్లో దొరికింది, దీన్లోనూ అదే. అదే అచ్చు, అదే డాలు. మూతలు తీసే పెట్టాను, వచ్చి చూసుకోండి. ఇవి కూడా కేసరపల్లి వారివే అంటే చెప్పండి, ఇప్పుడే అప్పజెప్పి పోతాను. ఆ ఏడాది లండన్‌లో ముద్ర పడ్డ గరిటెలూ గిన్నెలూ కూడా తమరివే అవుతాయి. తెచ్చుకోవడానికి ఓడ మాట్లాడుకోవాలి మరి."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకటప్పయ్య గారు కుర్చీలోంచి లేచారు.

"మా తాతగారు ఎవరికీ అన్యాయం చెయ్యలేదమ్మా!"

నేనింకా అన్యాయం ఊసే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"చేశారండీ. ఈ అక్షరం చూపించే ఇశ్రాయేలు అనే మనిషిని ఊరందరి ముందు బండికి కట్టి కొట్టారు. నేను ఆయన మనవరాలిని. గడియారం దొరే ఇచ్చాడని కూడా ఈ అక్షరం చెప్పదు. దాని చేత నేను అబద్ధం చెప్పించను. కానీ ఆయన దొంగ అనడానికి మీ దగ్గరున్న సాక్ష్యం ఇదొక్కటే, అదిప్పుడు లేదు. కార్డు మీద ఆ మాట తీసేయండి. ఇశ్రాయేలు దొంగ కాదని ఈ మైకులో చెప్పండి."

తాత బతికుండగా ఈ మాట అనేవాళ్ళు లేకపోయారు.

వెంకటప్పయ్య గారు మైకు నా చేతిలోంచి తీసుకుని జయంత్‌కి ఇచ్చేశారు. అద్దాల పెట్టె తెరిచి గడియారం తీసి, నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించారు.

"పాత సంగతులు తవ్వుకోవడం ఎందుకమ్మా? శుభకార్యం. ఇదిగో, పట్టుకెళ్ళండి. మీకూ మాకూ సరిపోయింది."

"చాటుగా ఇస్తే నాకొద్దండీ," అన్నాను అందరికీ వినబడేలా. "నలుగురిలో లాక్కున్నారు. ఆ మాట నలుగురిలో చెప్పి అప్పుడివ్వండి."

ఆయన ముఖం గట్టిపడింది. నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?"

మా వైపు పెద్దవాళ్ళు ఈ ప్రశ్న వేసేది పేరు తెలుసుకోవడానికి కాదు, మనిషిని ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకోవడానికి. నేను నోరు తెరిచేలోపే హాలు వెనకనుంచి జవాబొచ్చింది. నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

"కట్టెపోగు! కట్టెపోగు ఇశ్రాయేలు కొడుకుని నేను. కట్టెపోగు ఆమోసుని."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. జయంత్ మా నాన్న వంక చూసి, నా వంక చూసి, పెదాలు కదిపి ఏదో లెక్క సరిచూసుకున్నట్టు నిలబడ్డాడు. తన చేతిలో మైకు ఉందన్న సంగతి మర్చిపోయాడు.

"అదీ కె నే కదా నాన్నా," అన్నాడు.

మాట హాలంతా మోగింది. వెంకటప్పయ్య గారు మైకు కట్టేయమని సైగ చేశారు, కట్టేశారు. ఈ కె కట్టెపోగు కూడా కాదు, ఉత్త సంవత్సరం అని మళ్ళీ చెప్పబోయి నోరు మూసుకున్నాను. నాకది అలవాటు లేని పని. నాన్న వరసల మధ్యలోంచి నడుచుకుంటూ వేదిక ముందుకొచ్చి ఆగాడు.

"అవును బాబూ, అదీ కె నే. ఆ రోజు మా ఇంటిపేరేంటని ఒక్కళ్ళూ అడగలేదు."