తిత్తి నిండిన శనివారం

రండమ్మా, రండయ్యా. ఆ గోడకు ఆనుకున్నవాళ్ళు జర ముందుకు జరగండి. దూరంగా కూర్చున్న మనిషికి కథ చెబితే ఉత్తరం రాసినట్టుంటుంది, దగ్గర కూర్చుంటేనే ముచ్చట. ఆ, అట్లా. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. ఫోన్లు సంచుల్లో పెట్టి ఇక వినండి.

కల్వకుర్తిలో రాతి చర్చి పక్క సందులో బట్టలు కుట్టే జానమ్మ ఉంది. వారమంతా జాకెట్లు, స్కూలు పిల్లల యూనిఫారాలు. శనివారం పగలు రెండు కాగానే మిషన్ మీద దుప్పటి కప్పేది. ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ, చర్చి తాళంచెవి పట్టుకొని బయలుదేరేది. చర్చిలో ఆర్గాన్ ఉంది, దాన్ని తుడవాలి. ఆమె బాపు నలభై ఏండ్లు దాన్ని వాయించాడు. ఆయన తర్వాత ఈమె. మిషన్ తొక్కే కాళ్ళే ఆదివారం నాడు దాని స్వరాల చెక్కలు తొక్కేవి.

నూరేండ్ల కింద ఆ ఆర్గాన్ ఓడలో వచ్చి, రైలెక్కి, చివరికి ఎడ్లబండ్ల మీద కల్వకుర్తి చేరింది. గోడ నిండా గొట్టాలే. పెద్దది తాటిమొద్దంత, చిన్నది పెన్సిలంత. ఊళ్ళో అందరూ గొట్టాల పెట్టె అంటారు. గొట్టాలు మోగాలంటే గాలి కావాలి కదా. వేరే ఊళ్ళలో ఆ గాలి కరెంటు మిషను కొడుతుందట. ఇక్కడ మాత్రం ఎదుట కూర్చున్నవాళ్ళ నిట్టూర్పులతో తోలు తిత్తి నిండుతుంది. మనసు లోతుల్లోంచి ఎవరన్నా ఉస్సురన్నారంటే తిత్తి ఇంత లేస్తుంది. తిత్తి లేచినకొద్దీ పక్కన దారానికి కట్టిన సీసపు గుండు కిందికి దిగుతుంది. గుండు వెనక చెక్క మీద జానమ్మ బాపు నాలుగు గీతలు గీసి పెట్టాడు. గీతకు ఒక చరణం.

ఇందులో కల్వకుర్తి వాళ్ళకు వింతేమీ లేదు. కరువొచ్చిన ఏడు పెట్టె గట్టిగా మోగుతుందనీ, చెరువు అలుగు పోసిన ఏడు కాస్త నీరసపడుతుందనీ అందరికీ తెలుసు. పాస్టరుగారి ప్రసంగం ఎంత సాగితే పాట కూడా అంత సాగుతుందని పెద్దవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

కష్టం ఎక్కడొచ్చిందంటే, వినేవాళ్ళు తగ్గిపోయారు. పిల్లలు హైదరాబాదులో కిరాయి ఇండ్లలో ఉంటున్నారు. ఆదివారం నాడు లెక్కపెడితే నలభై మంది. వాళ్ళైనా మంచి బట్టలు కట్టుకొని, కూలర్ ముందు కూర్చొని, ఫోను చూసుకుంటూ హాయిగా ఉంటారు. దేవుని దయ, వాళ్ళకు ఏ లోటూ లేదు. నిట్టూర్పూ లేదు. పాట మొదటి చరణం దాటి రెండో దాంట్లో పడగానే గొట్టాలు గొర్రెపిల్లలాగా ఒకసారి అరిచి ఊరుకునేవి. మిగతాది జనం చప్పట్లతో లాగించేవారు. జానమ్మ చేతులు పెట్టె వాయించే మెట్ల మీదే ఉండిపోయేవి.

చర్చి సంఘం సెక్రటరీ శ్రీకాంత్ ఆమె మేనల్లుడే. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఒకసారి మైకు పట్టుకొని, "అందరం ఒక్కసారే నిట్టూరుద్దాం. ఒకటి, రెండు, మూడు!" అన్నాడు. నలభై మందీ బుస్సుమన్నారు. గుండు వెంట్రుకవాసి కూడా కదలలేదు. దొంగ నిట్టూర్పును తిత్తి తీసుకోదు మరి.

"అత్తా, ఇగ దీంతోని కాదు" అన్నాడు శ్రీకాంత్. "కీబోర్డు తెద్దం. పెట్టెను రిసార్టు ఆయన తీస్కపోతనంటుండు."

శ్రీశైలం రోడ్డు మీద ఎవరో పెద్దమనిషి రిసార్టు కడుతున్నాడు. భోజనాల హాల్లో అందానికి నిలబెట్టుకుంటాడట.

"మోగదని చెప్పినవా ఆయనకు?"

"చెప్పిన. మోగకపోతెనే మంచిదన్నడు. తినేటోళ్ళకు డిస్టర్బ్ ఉండదట."

ఆ మాట జానమ్మకు కందిరీగ కుట్టినట్టు కుట్టింది. సంఘం పెద్దల ముందు నిలబడి కొట్లాడింది. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. ఆగస్టు ఆఖరి ఆదివారం నాలుగు చరణాల కీర్తన మధ్యలో ఆగకుండా మోగిందా, పెట్టె ఉంటుంది. ఆగిందా, సోమవారం రిసార్టు వాళ్ళ డీసీఎం వ్యాను వస్తుంది.

"మనం నలభై మందిమే దీన్ని తాళమేసుకొని కూసున్నం, గందుకే గిట్లయింది" అంది జానమ్మ. "ఊరోళ్ళందరిని పిలుస్త. వాళ్ళు వినాలె."

జూలైలో సంగీత సభ పెట్టింది. ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పించింది. మూడువందల మంది వచ్చారు. ఇక మన మర్యాద సంగతి మీకు తెలుసు కదా, ఇంటికి వచ్చిన మనిషి నవ్వుకుంటూ పోవాలి. కుర్చీ కుర్చీకీ పక్కన ఫ్యాను. చేతిలో సమోసా, చాయ్. పెద్దలకు శాలువాలు. ఒకాయన జోకులేస్తూ గంటసేపు మాట్లాడాడు. జనం పొట్ట పట్టుకొని నవ్వారు. జానమ్మ గుండు వైపు చూసింది. అది పైన ఎక్కడుందో అక్కడే ఉంది. మెట్ల మీద చెయ్యి వేస్తే కీచుమని ఒక్క స్వరం వచ్చి ఆగింది. అయినా అందరూ చప్పట్లు కొట్టారు! గొట్టాల ముందు నిలబడి ఫోటోలు దిగి, "చాయ్ మస్తుగుండె అక్కా" అని మెచ్చుకొని వెళ్ళారు.

ఆగస్టు మొదట్లో బడి పిల్లల్ని పిలిచింది. రెండువందల మంది కలకలలాడుతూ వచ్చారు. పిల్లలకు ఏడుపుంటుంది గానీ నిట్టూర్పెక్కడిది? వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన స్నేహలత టీచరు మాత్రం చివరి బెంచీలో కూలబడి ఒక్కసారి ఉస్సురంది. ఆమె ఒక్కతి పుణ్యాన ఒక చరణం మోగింది.

ఆ సాయంత్రం జానమ్మ ఎవరూ లేని చర్చిలో మోకాళ్ళూని కాదు, నడుం మీద చేతులు పెట్టుకొని ప్రార్థన చేసింది. "ప్రభువా, పిలువుమన్నది నువ్వే. పిలిస్తె నవ్విపోయేటోళ్ళను పంపుతవేంది? నేను అడిగిందేంది, నువ్విచ్చేదేంది?" అంది. అట్లా అనవచ్చునా అని మీరు అడగకండి. ఆయన అంతకన్నా గట్టి మాటలు విన్నవాడే.

ఆఖరి శనివారం వచ్చింది.

చర్చి ప్రహరీకి అవతల ఎరువుల గోదాం ఉంది. వానలు పడి పొలాలు పచ్చగా లేచాయి గానీ యూరియా దొరకడం లేదు. ఆ రోజు లారీ వస్తుందని కబురు తెలిసి, చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తెల్లవారకముందే వచ్చి లైను కట్టారు. ఎంతసేపని నిలబడతారు? మనిషికి బదులు చెప్పులు పెట్టారు. చెప్పుల జత ఉన్నదంటే మనిషి ఉన్నట్టే లెక్క, దాన్ని ఎవరూ జరపరు. ఆ వరస గోదాం దగ్గర మొదలై, రోడ్డు మీదుగా మలుపు తిరిగి, చర్చి గేటులోంచి మెట్ల దాకా వచ్చింది. చెప్పుల సొంతదారులేమో ఎక్కడ నీడ దొరికితే అక్కడ బురద కాళ్ళతో కూలబడ్డారు.

రెండింటికి జానమ్మ గుడ్డలు పట్టుకొని వచ్చింది. ఇదే ఆఖరి తుడుపు అనుకుంటూ విసవిసా నడిచింది. మెట్ల మీద జనం.

"జర జరుగుండ్రి, తలుపు తెరవాలె. ఇది చర్చా, బస్టాండా?"

మెట్టు మీది ఆడమనిషి తలెత్తి చూసింది. గోపమ్మ అని, మేకలు మేపుకుంటూ మూడెకరాల వరి వేసిన మనిషి.

"కోడి కూయక ముందొచ్చిన అక్కా. సద్ది గూడ తినలే. నీకు కోపమస్తె నాకు రాదా?" అంది. అని, ఖాళీ రోడ్డు వైపు చూసి, "ఉస్స్..." అని ఊపిరి వదిలింది.

అప్పటికే జానమ్మ తలుపు తెరిచింది. లోపల చీకట్లో ఏదో చిన్నగా కదిలింది. గుండు! రెండు వేళ్ళంత దిగింది.

జానమ్మ గుడ్డలు గుమ్మం పక్కన పడేసింది. తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"లోపటికి రాండ్రి చెల్లె. అందరు రాండ్రి. నీడకు కూసోండ్రి."

"కాళ్ళకు బురదుంది" అంది గోపమ్మ.

"ఉండనియ్యి."

వెనక నుంచి టోపీ పెట్టుకున్న రజాక్ అడిగాడు. టైర్ల పంచరు దుకాణం, దాంతో పాటు కౌలుకు రెండెకరాలు. "మేము గూడ రావచ్చా అక్కా?"

"టోపీ ఉన్నా తలపాగ ఉన్నా కూసునేది బల్ల మీదనే గద రజాక్ భాయ్. రా."

వచ్చారు. పది మంది, యాభై మంది, నూటయాభై మంది. బల్లలు నిండి నేల మీద కూర్చున్నారు. జానమ్మ అలవాటు కొద్దీ చాయ్ పెట్టిస్తానని లేచింది గానీ ఇంతమందికి పాలెక్కడివి? ఫ్యాన్లు వేద్దామంటే కరెంటు లేదు. మర్యాద చేయడానికి ఏమీ లేక ఊరికే నిలబడింది. ఎవరో వచ్చి గుమ్మంలోంచి అన్నారు: "లారీ ఇంకా బయలెల్లనే లేదట."

ఆ మాటకు నూటయాభై మంది గుండెల్లోంచి ఒక్కటే గాలి బయటికొచ్చింది. ఎరువు లేక ఎర్రబారుతున్న పైరు, పొద్దటి నుంచి ఒంటరిగా ఉన్న మేకలు, ఇంట్లో ముసలామె మందులు, అన్నీ ఆ గాలిలో ఉన్నాయి. తోలు తిత్తి కిర్రుమని లేచింది. గుండు మొదటి గీత దాటింది, రెండు, మూడు, నాలుగు దాటి నేలకు తాకింది. జానమ్మ బాపు కాలంలో కూడా అంత దిగలేదు.

సరిగ్గా అప్పుడే శ్రీకాంత్ ఉరుక్కుంటూ వచ్చాడు. బురద చూసి అరవబోయి, గుండు చూసి ఆగిపోయాడు.

"అత్తా! నిండింది! ముట్టకు, నీ కాళ్ళు మొక్కుత. తిత్తిల పడ్డ గాలి యాడికి పోదు. రేపటికి గిట్లనే ఉండనీ. నాలుగు చరణాలు రెండు సార్లు వాయించొచ్చు. పెట్టె మనకే ఉంటది!"

నిజమే కదా. రెండు నెలలుగా ఆమె వేడుకున్నది అదే. జానమ్మ పెట్టె ముందు బల్ల మీద కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏందక్కా, వాయిస్తవనుకుంటిమి" అన్నాడు రజాక్.

"రేపు రాండ్రి, రేపు వాయిస్తరు" అన్నాడు శ్రీకాంత్.

"రేపు మేమెక్కడుంటమో పటేలా" అంది గోపమ్మ. విసురుగా కూడా అనలేదు, అలసటగా అంది.

జానమ్మ మేనల్లుడి వైపు తిరిగింది. "గాలి ఎవరిదిరా?"

"ఎవరిదైతేంది అత్తా..."

"వాళ్ళది. వాళ్ళకు వినిపియ్యకుండ దాసి, రేపు మన పేరు మీద వాయిస్తె దొంగతనమైతది."

"పెట్టె పోతది అత్తా!"

"పోనియ్యి" అంది.  పెట్టె మెట్ల మీద చేతులు వేసింది.

ఎట్లా మోగిందో నేను చెప్పలేను, నోటికి అంత బలం లేదు. తాటిమొద్దంత గొట్టం పలికినప్పుడు నేల మీద కూర్చున్నవాళ్ళ అరికాళ్ళలోంచి అది పైకి పాకిందట. నాలుగు చరణాలూ అయిపోయాయి, గాలి ఇంకా ఉంది. గోపమ్మ చిన్నగా నాట్ల పాట ఒకటి తీసింది. జానమ్మ విని, వెతుక్కుంటూ వెతుక్కుంటూ గొట్టాల్లో పట్టుకుంది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. రజాక్ కళ్ళు మూసుకొని ఊగాడు. ఎవరి నిట్టూర్పు వాళ్ళకు పాటై తిరిగొచ్చింది. గుండు పై కొసకు చేరేదాకా, ఆఖరి రవ్వంత గాలి అయిపోయేదాకా జానమ్మ వాయించింది. శ్రీకాంత్ స్తంభానికి ఆనుకొని నోరు తెరుచుకొని విన్నాడు.

"లారీ వచ్చింది!" అని కేక వినబడింది. అందరూ చెప్పుల కోసం పరిగెత్తారు.

తెల్లవారి ఆదివారం. నలభై మందీ వచ్చారు. వెనక బల్లల్లో గోపమ్మ, రజాక్, మరో ఇరవై మంది కూర్చున్నారు. బస్తాలు దొరికి, స్నానాలు చేసి, తేటగా ఉన్నారు. వాళ్ళ దగ్గర నిట్టూర్పు ఒక్కటి కూడా మిగల్లేదు. జానమ్మ లేచి ఉన్నదున్నట్టు చెప్పింది. "నిన్న తిత్తి నిండింది. నేనే వాయించి ఖాళీ చేసిన. ఇయ్యాల నా దగ్గర ఏం లేదు."

పెద్దల్లో సావిత్రమ్మకు మండిపోయింది. "నిండిందాన్ని ఒంపేస్తివా? పెట్టె పోతదని ఎరికై గూడ? నీకు మతి ఉందా జానమ్మా?"

వెనక నుంచి గోపమ్మ లేచింది. ఆమె కొట్లాటకు లేవలేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీరు నిన్న వినలేదా అమ్మా? మా ఊర్ల రాత్రంత గదే ముచ్చట. మా ఆయన యూరియా చల్లుకుంట గూడ గదే పాట తీస్తుండు. మీ పెట్టె గద! మీరెట్ల వినకపోతిరి?"

 సావిత్రమ్మ ఇల్లు చర్చికి నలభై అడుగులు. నిన్న ఆ వేళకు ఆమె తలుపులు వేసుకొని ఫోనులో సీరియల్ చూస్తోంది. ముందు వరస పెద్దాయన మంచం మీద ఉన్నాడు, ఏదో చప్పుడులే అని లేవనన్నా లేవలేదు. ఒక్కొక్కరికీ తాను ఎక్కడున్నదీ గుర్తొచ్చింది. తమ తాతలు బండ్ల మీద మోసుకొచ్చిన పెట్టె, పుట్టిన దగ్గర్నుంచీ ఎదురుగా ఉన్న పెట్టె, ఊరంతా విన్నది. వాళ్ళు తప్ప.

సావిత్రమ్మ కూర్చుండిపోయి కొంగుతో ముఖం కప్పుకుంది. "అయ్యో దేవా" అని ఒక్క నిట్టూర్పు విడిచింది. తర్వాత పెద్దాయన. తర్వాత ఆ పక్కవాళ్ళు. ఏండ్ల తరబడి లోపల ఉండిపోయిన ఊపిరి, నలభై మందిదీ.

జానమ్మ తల వంచుకొని ఉంది, చూడలేదు. శ్రీకాంత్ మెల్లగా వచ్చి ఆమె భుజం తట్టాడు. "అత్తా. నాలుగో గీత దాటింది. వాయించు."

సోమవారం పొద్దున్నే డీసీఎం వాళ్ళకు ఫోను చేసి రావద్దని చెప్పింది శ్రీకాంతే. ఇప్పుడు ప్రతి శనివారం చర్చి తలుపులు బార్లా తీసే ఉంటాయి. ఎరువుల లైనైనా, పింఛను లైనైనా, దవాఖాన లైనైనా, నిలబడి అలసినవాళ్ళు వచ్చి కూర్చుంటారు. సావిత్రమ్మ ముందు వరసలో వాళ్ళకు చోటు పట్టి ఉంచుతుంది.

ఇక లేవండి, పొద్దుపోయింది. నేను చెప్పినదంతా గుర్తు పెట్టుకోనక్కరలేదు. గీతలెన్నో మరిచిపోండి, నా పేరూ మరిచిపోండి. రేపటికి దాచుకుంటే తన పని గట్టెక్కుతుందని తెలిసీ, ఎవరి ఊపిరిని వాళ్ళకే పాటగా తిరిగిచ్చిందే జానమ్మ, ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. ఇంటికి పోయి ఒకరికి చెప్పండి. చెప్పడానికి ఎవరూ దొరకకపోతే, చేసి చూపించండి.