మందు కొట్టని వంకాయలు

మా డాబా మీద వంగమొక్కల్లో ఒక్క పురుగు లేకుండా చేసినవాణ్ణి నేను. మందుతో కాదు, నోటితో. అరవై ఏళ్లు మిరపచేలల్లో బతికినవాణ్ణి, ఏ పురుగుకి ఏ తిట్టు తగులుతుందో నాకు తెలీదూ? పొద్దున్నే కుండీల మధ్య నిలబడి ఒక్క విడత అందుకున్నానంటే, కాయ తొలిచే పురుగు సిగ్గుపడి బయటికొచ్చి, పిల్లాజెల్లాని వెంటేసుకుని మెట్లు దిగి, నల్లపాడు స్టేషన్లో మార్కాపురం బండెక్కి పోయేది. టిక్కెట్టు తీసుకునే ఎక్కేది, మర్యాదస్తురాలు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా కోడలు ఆరాధన నడుం పట్టుకుని నవ్వేది. "మామయ్యా, మీ తిట్లు సీసాల్లో పోసి అమ్మితే మీ అబ్బాయి కొట్టు మూసుకోవాల్సిందే" అనేది. మా అబ్బాయి ఇమ్మానియేలు గుంటూరులో పురుగుమందుల కొట్లో పనిచేస్తాడు.

నిరుడు తోటల ఆఫీసు నుంచి ఒక మేడం మా కాలనీకి వచ్చి, ఎవరి కూరగాయలు వాళ్లు డాబా మీదే పండించుకోండని ఆడవాళ్లకి విత్తనాల పొట్లాలు పంచిపెట్టింది. తక్కినవాళ్లు వాటిని బీరువాల్లో దాచుకున్నారు. ఆరాధన మట్టిలో పెట్టింది. రంగు డబ్బాలు, చిల్లు బకెట్లు, చివరికి పాడైన వాషింగ్ మెషీను తొట్టి కూడా మట్టితో నింపింది. ఒకటే పట్టుదల, మందు కొట్టకూడదు. వేపకషాయం, పుల్లమజ్జిగ, అంతే. కింద వాటాలో ఉండే నస్రత్‌కి ఆ ఏడే కేన్సర్ ఆపరేషనైంది. మందు తగలని కూర తినాలనుందమ్మా అని ఆమె ఒకసారి అంటే, నేను పెడతానక్కా అని ఆరాధన మాటిచ్చింది. ప్రతి ఆదివారం మొదటి సంచి నస్రత్‌దే. కాలనీలో పదిమంది ఆడవాళ్లు ఆరాధన దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు.

మొన్న గురువారం పొద్దున ఆమె బట్టలుతుకుతూ నా తువ్వాలు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. వాసన చూసింది. మళ్లీ చూసింది. తడి తువ్వాలుతోనే నా దగ్గరికొచ్చింది.

"మామయ్యా, ఇదేం వాసన?"

"అదా! పాపం ఆ పురుగులు వెళ్లిపోతూ ఏడ్చాయమ్మా, దాంతోనే ముక్కు తుడుచుకున్నాయి."

నవ్వలేదు. "ఎప్పట్నుంచి కొడుతున్నారు?" అంది.

ఇక దాచేదేముంది? నేను ఏ పురుగునీ తిట్టలేదు. బుధవారం బుధవారం ఆమె చర్చిలో స్త్రీల కూడికకి వెళ్లగానే ఇమ్మానియేలు కొట్లోంచి తెచ్చిన మందు కొట్టేవాడు. పంపులో నీళ్లు పోసింది నేను. "పిల్ల అడిగితే ఏం చెప్పాలిరా?" అంటే, "నీకు కథలొచ్చుగా నాన్నా" అన్నాడు. చెప్పాను. బ్రహ్మాండంగా చెప్పాను.

"మొదట్నుంచీనమ్మా" అన్నాను.

ఆరాధన మెట్టు మీద కూర్చుంది. నాతోనో, చేతిలోని తువ్వాలుతోనో తెలీదు, మెల్లగా మాట్లాడింది. "ఈ వాసన మా అమ్మ చీరది మామయ్యా. మందు కొట్టిన మర్నాడే మిరపకాయలు కోయడానికి పిలిచేవాళ్లు. సాయంత్రం వస్తే నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు, స్నానం చేసొస్తానుండమనేది. అందుకే వద్దనుకున్నాను. తెల్లారకముందే లేచి, బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా ఇరవైరెండు మెట్లు మోసి, వంట చేసి, క్యారేజీలు కట్టి స్కూల్లో ఉద్యోగానికి పరిగెత్తితే, ఆయనేమనేవారు? కూలోళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది, పొలాన్ని డాబా ఎక్కించావనేవారు. కూర బాగుంటే మా ఆవిడ చేత్తో పండించిందని కొట్లో చెప్పుకునేవారు. నేను రెండూ నమ్మాను. నా కషాయం పనిచేస్తోందనుకున్నాను. వంగాకు కొరికే అక్షింతల పురుగులు ఎందుకు కనపడ్డంలేదా అని ఒకసారి అనుమానమొచ్చింది, నాకేం తెలుసులే, ఇంట్లో అందరికంటే తక్కువ తెలిసిందాన్ని అనుకుని ఊరుకున్నాను. ఆయన కొట్టారంటే ఆయన బుద్ధి. మీ కథకి నేను నవ్వాను మామయ్యా. అన్నిసార్లు నవ్వాను."

రాత్రి అన్నానికొచ్చిన ఇమ్మానియేలుకి సంగతి తెలిసింది. చెయ్యి కడుక్కుంటూనే మొదలెట్టాడు.

"పురుగు పట్టి చస్తే నువ్వే ఏడుస్తావని కొట్టాను. నీ కోసమేగా!"

"నా కోసమైతే నేనున్నప్పుడే కొట్టొచ్చుగా?"

"కొట్టనిస్తావా?"

"అదేనండీ నేను చెప్పేది."

వాడు కంచం పక్కకి జరిపి, "ఆదివారం ఆ మేడం వీడియో తీయడానికొస్తోంది. కాలనీ అంతా ఉంటుంది. ఇదంతా అక్కడ పెట్టకు. నలుగురిలో పరువు పోతుంది" అన్నాడు.

ఆమె కిందికెళ్లింది. గుమ్మంలో నిలబడి నస్రత్‌కి అంతా చెప్పింది. నేను పైమెట్టు మీద నుంచి వింటున్నాను. నస్రత్, "ఏడాదిగా అదే తింటున్నానా?" అంది. మళ్లీ తనే, "నువ్వు కూడా తిన్నావుగా. నీకూ చెప్పలేదు" అంది. ఆరాధనకి అప్పుడొచ్చింది ఏడుపు.

ఆదివారం డాబా నిండా ఆడవాళ్లు. వంగమొక్కలు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, ఆకుకి ఒక్క చిల్లు లేదు. మేడం ఫోను పట్టుకుని, "మీ రహస్యమేంటో చెప్పండమ్మా" అంది. ఇమ్మానియేలు ముందుకు జరిగాడు. "మా ఇంట్లో మందన్నది ముట్టుకోమండీ, అంతా మా ఆవిడ చేత్తోనే..."

"ముట్టుకున్నారు" అంది ఆరాధన. గొంతు పెంచలేదు. "నేను మీ అందరికీ తప్పు చెప్పాను. తెలియక చెప్పాను. ఈ మొక్కలకి ప్రతి వారం మందు కొట్టారు. నా దగ్గర కాయలు తీసుకున్నవాళ్లు క్షమించండి. మళ్లీ విత్తనం నుంచి మొదలెడతాను. ఈసారి కాయలో పురుగుంటుంది. పురుగుని చూసే తీసుకోండి."

ఫోను ఇంకా తీస్తూనే ఉంది. ఆమె వంగి మొదటి మొక్కని వేళ్లతో సహా పీకింది. కాలనీ ఆడవాళ్లలో ఒకామె చెప్పులు విడిచి వచ్చి రెండోది పీకింది. ఇమ్మానియేలు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆరాధన బజారుకెళ్లి ఒక తాళం కొనుక్కొచ్చింది. డాబా తలుపుకి వేసి, ఒక చెవి మెళ్లో తాడుకి కట్టుకుంది. మొగుడు, "నా ఇంటి డాబాకి నాకే తాళమా?" అని అరిస్తే, "కూరలు కావాలంటే అడగండి, కోసిస్తాను" అని కూర తరగడంలో పడింది. తర్వాత నా మంచం దగ్గరికొచ్చి, రెండో చెవి నా చేతిలో పెట్టి, "నేను స్కూల్లో ఉన్నప్పుడు నీళ్లు మీరు పొయ్యండి మామయ్యా" అంది.

కథలు చెప్పేవాణ్ణని మీకు తెలిసిపోయిందిగా, ఇందులో ఎంత కల్పించావయ్యా అంటారు. తువ్వాలు నిజం, పంపు నిజం, మెట్టు మీద కూర్చుని ఆమె అన్న ప్రతి మాటా నిజం. తాళమూ నిజమే. నేను కల్పించింది ఆమె నా చేతిలో పెట్టిందన్న ఆ రెండో చెవి ఒక్కటే.