పదిహేడో నంబరు గ్రాఫ్ కాగితం

గేమ్‌ల పరిశ్రమ మీద నాకున్నన్ని అభిప్రాయాలు ఇంకెవరికీ ఉండవు. ఎవరైనా మైకు పెడితే చాలు, ఈమధ్య వస్తున్నవన్నీ ఒకే మూసలో పోసినవని, అందరూ అందరి దగ్గరా ఎత్తుకొస్తున్నారని దుమ్మెత్తిపోసేవాణ్ణి. అంత నోరున్నవాణ్ణి, తీరా మాట్లాడాల్సిన ఒక్కరోజున నాకు నోరు పెగల్లేదు.

మా స్టూడియోలో లెవెల్ డిజైనర్‌ను, అంటే గేమ్‌లోని గదులూ దారులూ గీసే మనిషిని, తీసుకోవాలంటే కంప్యూటరు ముందు కూర్చోబెట్టం. గ్రాఫ్ కాగితం, పెన్సిలు ఇచ్చి, ఆటగాడు తిరగాల్సిన ఇల్లు ఒకటి గీయమంటాం. మూడు గంటల టైము. కాగితం మీద పేరుండదు, నంబరే. గీసింది మా గేమ్‌లలో దేనికైనా నకలులా అనిపిస్తే, ఆ గేమ్ చేసినవాళ్ళే తేల్చాలన్నది ఇంకో నియమం. దాన్ని పట్టుబట్టి పెట్టించింది నేనే.

మా అక్క ఆ పరీక్షకు కూర్చుంటానంది. అక్కకు నలభై రెండేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో అపార్ట్‌మెంట్లకు పార్కింగు గీతలు గీస్తోంది.

"నేను నీ అక్కనని ఎవరికీ చెప్పకురా. సిఫార్సుతో వచ్చిందంటే తల కొట్టేసినట్టుంటుంది నాకు. ఈ ఒక్కసారి ప్రయత్నిస్తాను. రాకపోతే ఇక ఈ ఊసెత్తను, పార్కింగే నాకు రాసిపెట్టి ఉందనుకుంటాను" అంది. సరేనన్నాను.

పరీక్ష అయిన మర్నాడు మీటింగు గదిలో కాగితాలన్నీ పరిచాం. ఆర్ట్ లీడ్, ప్రోగ్రామర్, నేను. పదిహేడో నంబరు దగ్గర ఆగిపోయాను. తలుపు ఉన్నచోటల్లా చిన్న అర్ధచంద్రం, దాని పక్కన ఒక చుక్క. అలా గీసే మనిషి నాకు తెలిసి ఒక్కతే.

ఆర్ట్ లీడ్ ఆ కాగితం ఎత్తి నవ్వింది. "మీ అభిమాని ఎవరో దొరికారు సార్. చూడండి, పోరాటం అవగానే ఖాళీ గది. అచ్చంగా మీ గేమ్ దించేశారు."

"గీత మాత్రం బాగుంది" అన్నాడు ప్రోగ్రామర్.

"ఎందుకు బాగుండదు, సార్ బుర్రలోంచి వచ్చిందాయె. తేల్చాల్సింది మీరే సార్."

ఆ ఖాళీ గది గురించి చెప్పాలి. నా గేమ్‌కి పేరొచ్చిందే దానితో. రాక్షసుల్ని దాటుకొచ్చిన ఆటగాడికి ఏమీ లేని గది ఒకటి ఎదురవుతుంది. ఒక కిటికీ, ఒక కుర్చీ, అంతే. అక్కడ ఎవరూ తరమరు. ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందని అడిగిన ప్రతివాళ్ళకూ, పాత కోటల నిర్మాణం మీద మూడేళ్ళు పరిశోధన చేశానని చెప్పాను. కోట గోడ మీద చెయ్యి వేసి చూసిన పాపాన కూడా పోలేదు నేను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు కాలు విరిగి రెండు నెలలు మంచం మీదున్నాను. అక్క తన లెక్కల గ్రాఫ్ పుస్తకంలో ఇళ్ళు గీసిపెట్టేది. చొక్కా గుండీ ఒకటి నేనన్నమాట. ఏ గదిలో ఏ రాక్షసుడున్నాడో తను గొంతు మార్చి చెబుతుంటే గుండీని జరుపుకుంటూ పోయేవాణ్ణి. ఓసారి భయమేసి ఏడుపు అందుకున్నాను. అక్క అప్పటికప్పుడు ఇంకో గది గీసి, "ఇక్కడికి ఎవరూ రారు, కాసేపు కూర్చో" అంది.

మర్చిపోయి వాడుకున్నానంటే ఎవరైనా క్షమిస్తారేమో. నాకు గుర్తుంది. గేమ్‌లో ఆ గది పెడుతున్న రోజు కూడా గుర్తుంది. విడుదలయ్యాక అక్కకు చెబుదాంలే అనుకున్నాను. విడుదలయ్యాక ఇంటర్వ్యూలు మొదలయ్యాయి.

"సార్?" అంది ఆర్ట్ లీడ్.

ఆ గది నాది కాదు, ఈ కాగితం గీసినామెది అంటే సరిపోయేది. అంటే మరి కోటల కథ ఏమవుతుంది? నా మాటల్ని నోట్సు రాసుకునే ఈ ఇద్దరూ రేపటినుంచి నన్నెలా చూస్తారు? అంత సిగ్గులేని ఆలోచన చేశాను.

"నకలే" అన్నాను.

కారణం కూడా తేల్చినవాళ్ళే రాయాలి. 'అభ్యర్థి మా గేమ్ ప్రభావం నుంచి బయటపడలేకపోయారు' అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. దాన్ని టైపు చేసి అభ్యర్థికి పంపే ఉత్తరం స్టూడియో పేరు మీద వెళుతుంది కాబట్టి నా సంతకం అక్కర్లేకపోయింది.

ఆదివారం పొద్దున అక్క మా ఇంటికి వచ్చింది. అక్కకు అంతా అర్థమైపోయి ఉంటుందని, తిడుతుందని అనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను. వంటగదిలో స్టూలు లాక్కుని కూర్చుని, బ్యాగులోంచి ఉత్తరం తీసి నా ముందు పెట్టింది.

"నాలుగుసార్లు చదివానురా. నిజమే రాశారు."

"ఏంటి నిజం?"

"నీ గేమ్ ఎన్నిసార్లు ఆడానో నాకే తెలీదు. ఆ గది బుర్రలో ఉండిపోయినట్టుంది. గీస్తున్నంతసేపూ నా సొంతమే అనుకున్నాను, చూడు. చిన్నప్పటినుంచీ నాకు తెలిసిన గదే అనిపించింది. ఎంత పిచ్చిదాన్నో."

"అక్కా..."

"మూడేళ్ళు కోటలంటూ కష్టపడ్డావు నువ్వు. నేనేమో మూడు గంటల్లో నాదని గీసేశాను."

అక్క తలెత్తడం లేదు. నా ముందు, నా వంటింట్లో కూర్చుని మా అక్క సిగ్గుపడుతోంది. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఇది రాసినాయన నీకు తెలిసే ఉంటాడుగా" అంది ఉత్తరం మడుస్తూ. "నా పేరు చెప్పకు. కావాలని చేసింది కాదట అని మాత్రం చెప్పు. ఉద్యోగం పోతే పోయింది, దొంగ అనుకుంటారేమోనని బాధగా ఉంది. చెప్తావా?"

నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదని తెలుసు.

"చెప్తాలే అక్కా" అన్నాను. "ఆయనేమీ అనుకోడు."