వెనక పట్టుకున్నవాళ్ళు

ఆయా మెట్లు కడగడం అది మూడోసారి. పదింటికి అతిథులు వస్తారని హెడ్మాస్టరు పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నూరేళ్ళు దాటిన బడి ఈ కొత్త భవనంలోకి మారి నేటికి నలభై ఏళ్ళు. నలభై ఏళ్ళయినా అందరూ దాన్ని కొత్త భవనమనే అంటారు.

ఏటా ఈ రోజున ఒక ఆచారం. ఆనాడు పాతబడి నుంచి బెంచీలన్నీ పిల్లలే మోసుకొచ్చారు. దానికి గుర్తుగా ఒక బెంచీని పిల్లలచేత మేడ మీదికి మోయిస్తారు. బడి చరిత్రలో "ఆనందోత్సాహాలతో మోశారు" అని రాసి ఉంది. బండి కూలి మిగుల్చుకోవడానికని ఎవరు రాసుకుంటారు! ఫొటోలో బాగుంటుందని ఆనాడు పొడుగు పిల్లల్ని ముందు, పొట్టివాళ్ళను వెనక పెట్టారు. మెట్లెక్కేటప్పుడు బరువంతా వెనకవాళ్ళ మీదే పడుతుందని ఒక్క పెద్దమనిషికీ తట్టలేదు.

ఆ రోజు వెనక పట్టుకున్నది ఆయా చెల్లెలు. ఏడేళ్ళది. ముందు పట్టుకున్నది ఆయానే. ఏడో మెట్టు దగ్గర చెయ్యి జారింది. చెల్లెలు బెంచీ కింద నలిగి చచ్చిపోయింది.

మర్నాడు కమిటీ పెద్దలు తల్లిని పిలిచి, పెద్దపిల్లకు బడిలో పని శాశ్వతమన్నారు. కూటి కోసం ఆ తల్లి నోరు కుట్టుకుంది. పదకొండేళ్ళ పిల్ల చేతిలో పలక తీసేసి చీపురు పెట్టారు. అప్పటి నుంచి ఏడో మెట్టు తుడిచినప్పుడల్లా కింది నుంచి "అక్కా, ఆగవే" అని వినిపిస్తుంది. ఈ మాట కట్టుకున్నవాడికి కూడా ఆమె చెప్పుకోలేదు.

చప్పట్ల మధ్య బెంచీ వచ్చింది. ముందు పొడుగు పిల్లలు. వెనక, అంచు గడ్డానికి తగులుతుంటే తల పైకెత్తి మోస్తున్నది ఆయా మనవరాలు.

"దాన్నెవరు పెట్టారు బాబూ?"

"నేనే. ఆయా మనవరాలని పేపర్లో వేస్తారు. నీకే గౌరవం కదా!" హెడ్మాస్టరు నవ్వాడు. "పక్కకి జరుగు."

ఆయా జరగలేదు. మొదటి మెట్టు మీద అడ్డంగా చతికిలబడింది.

"నా చెల్లెలు ఇక్కడే పోయింది. దీన్ని మోయనివ్వను."

"లేస్తావా, లేదా? పని ఊడుతుంది," హెడ్మాస్టరు అతిథులకు వినపడకుండా పళ్ళు కొరికాడు.

"ఊడనీండి. నలభై ఏళ్ళుగా ఆ కూడే తింటున్నాను. ఒక్క ముద్ద అరగలేదు." ఆయా మనవరాలి వైపు తిరిగింది. "దించవే అమ్మా."

పిల్ల తన వైపు దించింది. ముందున్న పొడుగు పిల్లలు మాత్రం ఎవరి మాట వినాలో తెలియక, బెంచీ వదలకుండా హెడ్మాస్టరు ముఖంలోకి చూస్తున్నారు.