గొడుగు పిడి మీది మాట

గొడుగులు చేసే అతనికి కోపం ముక్కు మీదే ఉంటుంది. తను చేసిన ప్రతి గొడుగు పిడి మీదా "నేనున్నంతకాలం బాగుచేస్తాను" అని చెక్కుతాడు. అన్న మాట తప్పడు. తప్పింది ఒక్క చోటే. బాప్తిస్మం రోజున ఇక తాగనని దేవుడికి మాటిచ్చి, రెండుసార్లు తాగాడు. ఏడాదిగా చర్చి గడప తొక్కలేదు. భార్య రమ్మంటే, "ఏ మొహం పెట్టుకుని రాను?" అంటాడు.

ఒక రోజు టీచరమ్మ విరిగిన గొడుగుతో మూడోసారి వచ్చింది.

"డాబా మీద పడ్డ బంతిని దీంతో లాగాను నాయనా. తప్పు నాదే. మళ్లీ ఏ మొహం పెట్టుకుని రావాలో తెలీక నెల రోజులు వానలో తడిశాను."

అతను ఇంతెత్తున లేచాడు. "గొడుగు చేసినవాణ్ణి నేనుండగా తడవడమేంటమ్మా? నేనున్నంతకాలం బాగుచేస్తానన్నాను. మీరు జాగ్రత్తగా వాడితేనే చేస్తానన్నానా?"

టీచరమ్మ గొడుగు అక్కడే పెట్టి నవ్వుకుంటూ వెళ్లిపోయింది. వెనక గుడ్డ కుడుతున్న భార్య సూది ఆపింది.

"'నిన్ను వదలను' అని దేవుడూ మాటిచ్చాడుగా. మీరు తాగకుండా ఉంటేనే వదలనన్నాడా?"

విరిగిన పుల్ల బిగిస్తున్న చెయ్యి ఆగిపోయింది. అతను గొడుగు తిప్పి, పిడి మీద తను చెక్కిన మాట చదువుకున్నాడు.

"ఆదివారం చొక్కా ఎక్కడ తగలేశావ్?" అని కసిరాడు చివరికి.